సింగపూర్ తోటలో మన అమరావతి యాత్రికుడు

పులి బొమ్మ ఉన్న ఆ ఆరు పలకల చిన్న సీసా మా ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది. అమ్మ మోకాళ్ల కోసం తమ్ముడు సింగపూర్ నుంచి వచ్చినప్పుడల్లా తెస్తాడు. వేసవి సెలవుల్లో మమ్మల్నిద్దరినీ అక్కడికి పిలిపించుకుని, ‘‘ఆ టైగర్ బామ్ వాళ్లు కట్టించిన తోట ఉందమ్మా, అన్నీ దేవుళ్ల బొమ్మలే’’ అంటూ హా పార్ విల్లాకు తీసుకెళ్లాడు. మెట్రో స్టేషన్‌కు కూడా అదే పేరు. స్టేషన్ బయటికి రాగానే గేటు.

రంగూన్‌లో పుట్టిన టైగర్ బామ్ వ్యాపారి ఆవ్ బూన్ హా, తమ్ముడు బూన్ పార్ కోసం 1937లో కట్టించాడట. కొండవాలంతా వెయ్యికి పైగా సిమెంటు బొమ్మలు. రంగులు కళ్లకు కొట్టేలా ఉన్నా, నాకు మాత్రం మన ఊళ్లలో గుడి గోపురం మీది బొమ్మలే గుర్తొచ్చాయి.

లోపల టికెట్ పెట్టి చూపించేది నరకం. పది న్యాయస్థానాలు, ఒక్కోదానికి ఒక్కో రాజు. ఐదో రాజు పేరు యాన్‌లువో. బౌద్ధంతో పాటు చైనా చేరిన మన యముడే ఆయన. అమ్మ గరుడ పురాణం విన్న మనిషి కాబట్టి రంపాలు, కత్తుల చెట్లు చూసి బెదరలేదు. పరీక్షల్లో కాపీ కొట్టినవాడి పేగులు లాగుతున్న బొమ్మ దగ్గర నాకే మనసు చివుక్కుమంది. విజయవాడలో హైస్కూలు పిల్లలకు సోషల్ చెబుతాను. పరీక్షలంటే వాళ్లు పడే టెన్షన్ రోజూ చూస్తాను. ఆ శిక్ష నాకు నచ్చలేదు.

చివరి న్యాయస్థానంలో ఒక ముసలమ్మ మరుపు కషాయం పోస్తుంది. అది తాగితే గత జన్మ గుర్తుండదు, తర్వాత మళ్లీ పుట్టుక. తమ్ముడు అది వివరిస్తుంటే అమ్మ చాలాసేపు కదల్లేదు. ‘‘అయితే మీ నాన్నకి నేను గుర్తుండనేమోరా’’ అంది. ఇద్దరం ఏమీ చెప్పలేకపోయాం. తమ్ముడు ఆమె చెయ్యి పట్టుకుని వెలుతురులోకి తీసుకొచ్చాడు.

బయట ఒకచోట కోతి వీరుడు కనిపించాడు. ‘‘ఆంజనేయస్వామి!’’ అంటూ అమ్మ దణ్ణం పెట్టుకుంది. పక్కనే పంది ముఖం శిష్యుడు, వాళ్ల గురువైన సన్యాసి. ఆ సన్యాసిని చూసి నా గుండె ఝల్లుమంది. హుయాన్‌త్సాంగ్! 16వ శతాబ్దపు చైనా నవల ఆయన ప్రయాణాన్ని అద్భుత కథగా మార్చింది కానీ, మనిషి నిజం. 7వ శతాబ్దంలో బౌద్ధ గ్రంథాల కోసం చైనా నుంచి బయల్దేరి, మన కృష్ణ ఒడ్డున ధాన్యకటకం, అంటే ఇప్పటి అమరావతి దాకా వచ్చాడు. అక్కడ కొన్ని నెలలుండి ఇద్దరు భిక్షువుల దగ్గర అభిధర్మం అనే బౌద్ధ తత్వశాస్త్రం చదువుకున్నాడు. బౌద్ధ ఆరామాలు చాలావరకు పాడుబడ్డాయనీ, ఇరవై దాకా మిగిలాయనీ రాసిపెట్టాడు. 645లో తిరిగి స్వదేశం చేరాడు.

ఏటా క్లాసులో ఆయన పేరు రెండు వాక్యాల్లో చెప్పి ముందుకెళ్లిపోయేదాన్ని. ఇక్కడ ఆయన పేరు చెప్పి పిల్లల్ని ఎత్తుకుని ఫొటోలు తీసుకుంటున్నారు. అమ్మకు అంతా చెప్పాను. ‘‘మన అమరావతికా? అంత దూరం నుంచి చదువుకోడానికా?’’ అని రెండుసార్లు అడిగి, ఈసారి సన్యాసికి దణ్ణం పెట్టింది.

ఇంటికొచ్చిన మొదటి ఆదివారం తనే అమరావతి వెళ్దామంది. అమరేశ్వరుడి దర్శనం అయ్యాక మహాచైత్యం, అదే పాత బౌద్ధ స్తూపం దగ్గరికి తీసుకెళ్లాను. మిగిలింది దిబ్బా, చుట్టూ కొన్ని రాతి పలకలూ. మోకాళ్ల నొప్పులున్నాయి కదా, చెట్టు కింద కూర్చోమన్నాను. వినలేదు.

‘‘ఆయన చైనా నుంచి వచ్చాడు కదే, నేనొక్క చుట్టు తిరగలేనా’’ అని నా భుజం పట్టుకుని నడిచింది. మధ్యలో రెండుసార్లు ఆగింది, చుట్టు మాత్రం పూర్తి చేసింది.