బస్సులో నేను గొంతు తగ్గించానట

మధ్యధరా సముద్రంలోని చిన్న ద్వీప దేశం మాల్టాలో మా రెండో రోజు. రాజధాని వలెట్టా నుంచి చిర్కెవ్వా రేవుకు బస్సులో వెళ్తున్నాం. మా పాపకు పదేళ్ళు. నీళ్ళ సీసా అందిస్తూ ఏదో చెప్పాను. అది నా మొహంలోకి చూసి, ఎప్పట్లాగే ఇంగ్లీషులో అడిగింది: "అమ్మా, బయట తెలుగు మాట్లాడేటప్పుడు నీ గొంతెందుకు చిన్నదైపోతుంది?"

ఇంగ్లండులో పదమూడేళ్ళుగా ఉంటున్నాం. రైల్లో, సరుకుల కొట్లో, బడి గేటు దగ్గర నేను అలా మాట్లాడతానని అప్పటిదాకా నాకే తెలియదు. ఇంట్లో మాత్రం "తెలుగులో జవాబు చెప్పు" అని రోజూ దాన్ని పోరుతూనే ఉంటాను.

దానికా ప్రశ్న ఎందుకు వచ్చిందో చెప్పాలి. మా ముందు సీట్లో ఇద్దరు పెద్దావిడలు బస్సంతా వినబడేలా తమ భాష మాల్టీసులో కబుర్లాడుకుంటున్నారు. పక్కనున్న పిల్లాడు మాట ఇంగ్లీషులో మొదలుపెట్టి మాల్టీసులో ముగిస్తున్నాడు. ఎవరూ వాణ్ణి దిద్దట్లేదు. ఈ దేశం జనాభా అయిదు లక్షల పైచిలుకు, అంతే. అరబ్బీ వేర్లున్న భాషను రోమన్ అక్షరాల్లో రాసుకుంటారు. 1934 దాకా ఇక్కడ కోర్టులు నడిచింది ఇటాలియన్‌లో. ఆ ఏడాది ఇంగ్లీషుతో పాటు మాల్టీసు కూడా అధికార భాష అయింది, 2004లో యూరోపియన్ యూనియన్ భాషల్లోనూ చేరింది. మన తెలుగు మాట్లాడేవాళ్ళు ఎనిమిది కోట్లని చెబితే పాప నమ్మలేదు. ఫోనులో చూపించాల్సి వచ్చింది.

ఆ రోజు నుంచి దానికి మాటలు ఏరుకోవడం ఆటైంది. ప్రపంచాన్ని వీళ్ళు 'దిన్యా' అంటారు. "అది మన దునియానే" అన్నాను. పుస్తకం 'క్తీబ్', అంటే కితాబు. సబ్బును 'సపూనా' అంటారని తెలిసినప్పుడు మాత్రం గంతులేసింది. మార్సాష్లోక్ రేవులో పడవల ముక్కుకు రెండు వైపులా కళ్ళు గీసి ఉంటాయి, సముద్రంలో కీడు తగలకుండా. "దిష్టి బొమ్మా?" అని అదే అడిగింది, తెలుగులో. ఆదివారం పొద్దున్నే వెళ్తే అక్కడ చేపల సంత కూడా చూడొచ్చు.

వలెట్టాలో అప్పర్ బరాక్కా తోట కింది నుంచి మధ్యాహ్నం పన్నెండింటికి పేల్చే ఫిరంగి పిల్లలకు నచ్చుతుంది. సెయింట్ జాన్స్ కేథడ్రల్లో ఇటలీ చిత్రకారుడు కరవాజ్జో 1608లో గీసిన పెద్ద చిత్రం ఉంది. ఆయన సంతకం చేసిన చిత్రం అదొక్కటే. నేను అరగంట నిలబడ్డాను, పాప అయిదు నిమిషాలు. హాల్ సఫ్లియేని భూగర్భ సమాధులకు రోజుకు కొద్దిమందినే పంపుతారు. నెలల ముందే టికెట్ తీసుకోవాలి, మాకు దొరకలేదు. కోమినో దీవిలోని బ్లూ లగూన్ నీళ్ళు అందమే కానీ, ఎండాకాలం మధ్యాహ్నానికి కాలు పెట్టే చోటుండదు. పిల్లలున్నవాళ్ళు ఆ రోజును పక్కనున్న గోజో దీవికిస్తే మేలు.

చిర్కెవ్వా నుంచి గోజోకి ఓడలో ఇరవై అయిదు నిమిషాలు. టికెట్ డబ్బు తిరుగు ప్రయాణంలోనే తీసుకుంటారు. అక్కడి జగాంతియా గుళ్ళు ఈజిప్టు పిరమిడ్ల కన్నా పాతవి, అయిదున్నర వేల ఏళ్ళ నాటివి. చిక్కుడు గింజలూ తేనే తిని బతికే ఒక రాక్షసి, చంకలో బిడ్డతోనే ఆ బండలు మోసి గుడి కట్టిందని ఊరి కథ. ఆ తల్లి నాకు బాగా నచ్చింది. దారంతా రాళ్ళ గోడల వెంట నాగజెముడు. మా ఊళ్ళో చేల గట్ల మీద ఉన్నట్టే, అవే ఎర్ర పండ్లు.

మార్సల్‌ఫోర్న్ దాటాక, ష్వేయిని ఒడ్డున నా కాళ్ళు ఆగిపోయాయి. బండలో తొలిచిన ఉప్పు మళ్ళు, గళ్ళ దుప్పటి పరిచినట్టు. పెద్ద మడిలోకి సముద్రపు నీళ్ళు పట్టి, ఎండబెట్టి, తేరిన ఉప్పును చీపురుతో ఊడ్చి కుప్ప పోస్తున్నారు. మాది చినగంజాం వైపు. మా నాన్న ఇరవై ఏళ్ళు ఉప్పు మళ్ళు చేశారు. "తాతయ్య ఉప్పు పండించేవారు" అని చెప్పినప్పుడల్లా పాప నవ్వేది, ఉప్పేమన్నా మొక్కా అని. నేనూ వివరించలేక ఊరుకునేదాన్ని. ఇంగ్లీషులో చెబితే అది 'తయారీ' అయిపోతుంది. ఆ మాటలో మా నాన్న ఉండరు.

ఇప్పుడది కుప్ప దగ్గర గొంతుక్కూర్చుంది. నవ్వలేదు. "తాతయ్యకు ఫోన్ చెయ్యి" అంది.

చినగంజాంలో అప్పటికి సాయంత్రం. నాన్నకు వినికిడి తక్కువ, గట్టిగా అరిస్తే గానీ వినబడదు. పాప ఆ ఒడ్డున నిలబడి అరిచింది: "తాతయ్యా! ఇక్కడ ఉప్పు పండింది!" చుట్టుపక్కలవాళ్ళు తలలు తిప్పారు. నా చెయ్యి అలవాటుగా ఫోను వైపు వెళ్ళబోయి ఆగింది.

"రవ్వ లావా, సన్నమా తల్లీ?" అటునుంచి ఆయనా అంతే గట్టిగా.

రవ్వంటే ఏమిటో పాపకు తెలియదు. నా వైపు చూసింది. చెప్పాను, గొంతు తగ్గించకుండానే. ఒక గల్లు ఏరి, వేలి మీద పెట్టి, కెమెరాకు దగ్గరగా పట్టుకుంది.

"లావు, తాతయ్యా. లావు రవ్వ."