సావో ఏనుగులూ, పలమనేరు టమాటా తోటలూ

నైరోబీ పక్కన అతీ రివర్‌లో ఒక ఇనుప కడ్డీల ఫ్యాక్టరీలో స్టోర్స్ చూస్తాను. మొంబాసా పోర్టుకు స్పేర్ పార్టులు దిగినప్పుడల్లా క్లియరెన్స్ పనికి నేనే పోవాలి. కెన్యా అడవుల్ని చూడడానికని నేను సెలవు పెట్టింది తక్కువ. వాటిని ఎక్కువగా చూపించింది ఈ ఉద్యోగమే.

ఫ్యాక్టరీ నుంచి ఊళ్లోకి పోయే దారిలోనే నైరోబీ నేషనల్ పార్క్ ఉంది. 1946లో పెట్టారు, విస్తీర్ణం 117 చదరపు కిలోమీటర్లు. జిరాఫీ మేస్తుంటే దాని వెనకాల ఎత్తైన బిల్డింగులు కనపడతాయి. సింహం, చిరుత, ఖడ్గమృగం, అడవిదున్న అన్నీ ఉన్నాయి, ఏనుగు మాత్రం లేదు. పార్కుకు మూడు పక్కలా కంచె ఉంది. దక్షిణం పక్క వదిలేశారు, ఎందుకంటే వానలు పడ్డాక జీబ్రాలు అటువైపు మైదానాలకు మేతకు పోవాలి.

ఆ వదిలేసిన పక్కనే కిటెంగెలా. మా ఫ్యాక్టరీ వాళ్లు చాలామంది అక్కడే కాపురం. జీబ్రాలు పోయే దారినే సింహాలూ వచ్చి పశువుల్ని మేపుకుని బతికే మసాయి తెగవాళ్ల దొడ్లలో ఆవుల్ని పట్టుకుంటాయి. 2010 ప్రాంతంలో రిచర్డ్ టురేరే అనే మసాయి పిల్లవాడు పాత కారు బ్యాటరీ, సోలార్ పలక, పగిలిన టార్చిలైట్ల బల్బులు కలిపి దొడ్డి చుట్టూ ఆరుతూ వెలిగే దీపాలు కట్టాడు. మనిషెవరో దీపం పట్టుకుని తిరుగుతున్నాడనుకుని సింహం దగ్గరికి రాదు. ఆ పిల్లవాడికి అప్పటికి పదకొండేళ్లు. అక్కడే 2000లో ఇంకో పద్ధతి మొదలైంది. భూమికి కంచె వేయకుండా, అమ్మకుండా ఉంచిన వాళ్లకు ఎకరాకు ఏడాదికి 4 డాలర్లు ఇచ్చారు. పిల్లల స్కూలు ఫీజులు కట్టే వేళకు అందేలా విడతలుగా ఇచ్చారు. అడవిని కాపాడాలని ఉపన్యాసం ఇవ్వడం కంటే ఆ ఫీజు వేళ తెలిసి డబ్బులివ్వడం నాకు గొప్పగా అనిపించింది.

తిరుపతి నుంచి, చిత్తూరు నుంచి మనవాళ్లు ఎవరొచ్చినా ముందు మసాయి మారా అభయారణ్యం అంటారు. చూడాల్సిందే. పక్కనున్న టాంజానియాలోని సెరెంగెటీ నుంచి మారాకు, మళ్లీ వెనక్కి, ఏడాది పొడుగునా తిరిగే వైల్డ్‌బీస్ట్‌లు (ఆవులాంటి అడవి జంతువులు) సుమారు 15 లక్షలు. జులై నుంచి అక్టోబరు లోపు అవి మారా నది దాటుతాయి. అంబోసెలీ పార్కుకు పోతే తెల్లవారుజామునే లేవాలి. పొద్దెక్కితే కిలిమంజారోను మబ్బులు కమ్మేస్తాయి. ఈ రెండూ అందరూ చెప్పేవే. నన్నడిగితే, మన చిత్తూరు వాళ్లు తప్పకుండా చూడాల్సింది సావో.

సావో ఈస్ట్, సావో వెస్ట్ అని రెండు నేషనల్ పార్కులు, 1948లో ఏర్పడ్డాయి. రెండూ కలిస్తే 20,000 చదరపు కిలోమీటర్లు దాటుతుంది. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా మొత్తం కలిపినా పదిహేను వేలే. నైరోబీ–మొంబాసా కొత్త రైలు 2017 నుంచి ఈ రెంటి మధ్యగా పోతోంది. ఏనుగులు అటూ ఇటూ దాటడానికి కట్ట కింద దారులు వదిలారు. అక్కడి మట్టి ఎర్రది. ఏనుగు ఆ మట్టి ఒంటిమీద చల్లుకుని ఇటుక రంగులో ఉంటుంది. వానలు లేని కాలంలో, అంటే వాళ్లకు జూన్ నుంచి అక్టోబరు దాకా, నీటి గుంటల దగ్గర గుంపులు గుంపులుగా చేరతాయి. 1970లలో, 80లలో దంతాల కోసం జరిగిన వేటకు ఈ ఏనుగులు ఆరు వేల దరిదాపులకు పడిపోయాయి. ఇప్పుడు ఆ చుట్టుపక్కల అంతా కలిపి 15,000 దాకా ఉన్నాయి.

పాత రైలుమార్గం వేసింది మన దేశం కూలీలే. ముప్ఫై వేల మందికి పైగా వచ్చారు, ఎక్కువమంది పంజాబీలు. 1898లో సావో నది మీద వంతెన కడుతున్నప్పుడు రెండు సింహాలు నెలల తరబడి గుడారాల్లోంచి మనుషుల్ని ఎత్తుకుపోయాయి. చనిపోయిన భారతీయ కూలీలు 28 మందని లెక్క రాశారు. ఆఫ్రికా కూలీల లెక్క ఎవరూ రాయలేదు. ఆ వంతెన దగ్గర్లోంచి పోయినప్పుడల్లా ఆ రాయని లెక్కే నన్ను బాధపెడుతుంది.

మా లోడింగ్ యార్డు సూపర్‌వైజర్ది వోయి పక్కన సగల్లా. సావో ఈస్ట్‌ను ఆనుకున్న ఊరు. ఒకసారి మొంబాసా నుంచి తిరిగొస్తూ వాళ్లింట్లో ఆగాను. వాళ్లమ్మ ఉగాలీ పెట్టింది, మన సంగటి ముద్దలాగే చేత్తో తుంచుకుని తినాలి. తిన్నాక మొక్కజొన్న చేనికి తీసుకుపోయి చూపించారు. గట్టు వెంబడి గుంజలు పాతి, పది మీటర్లకొకటి చొప్పున తీగకు తేనెపెట్టెలు వేలాడదీశారు. మధ్యమధ్యలో పసుపు రంగు పూసిన ఉత్త ప్లైవుడ్ పలకలు. ఏనుగు తీగను తోస్తే పెట్టెలన్నీ ఊగుతాయి, తేనెటీగలు లేస్తాయి. ఏనుగు తోలు మందమే గానీ తొండం లోపల, కళ్ల చుట్టూ కుడితే ఓర్చుకోలేదు. ఆ రొద వింటేనే పెద్ద ఆడఏనుగు గుంపును మళ్లించుకుపోతుంది. లూసీ కింగ్ అనే పరిశోధకురాలు పెంచిన పద్ధతి ఇది. ఈగలు బాగా ఉన్నప్పుడు, వచ్చిన ఏనుగుల్లో నూటికి ఎనభై దాకా వెనక్కి పోతాయట. కరువొస్తే ఈగలు పెట్టెలు వదిలి పోతాయని ఆమె దాచకుండా చెప్పింది. మంచి ఏడాదైతే తేనె అమ్ముకుంటారు.

ఇదంతా చూస్తున్నంతసేపూ నాకు మా చిన్నాయన తోటే కళ్లముందు ఉంది. పలమనేరు దగ్గర, కౌండిన్య అడవి అంచున ఉంటుంది. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు ఇటు దిగాయి. 1990లో 357 చదరపు కిలోమీటర్లతో అభయారణ్యం ప్రకటించారు. గుంపు ఒక్క రాత్రి దిగితే టమాటా కర్రలు, డ్రిప్పు పైపులు, మామిడి కొమ్మలు, ఏదీ మిగలదు. టపాసులు, కందకం, సోలార్ కంచె అన్నీ అయినాయి. 2025లో కర్ణాటక నుంచి కుంకీలు, అంటే అడవి ఏనుగుల్ని తరమడానికి శిక్షణ ఇచ్చిన ఏనుగులొచ్చాయి, ముసలిమడుగులో క్యాంపు పెట్టారు. తరమడానికి అవి కావాల్సిందే. కానీ తరిమిన గుంపు మళ్లీ వస్తుంది.

మొన్న సెలవుకొచ్చినప్పుడు సావో ఫోటోలు చూపిస్తే చిన్నాయన అన్నాడు: "డబ్బులిచ్చి చూసేవాళ్లకు ఏనుగు ముద్దుగానే ఉంటాది నాయనా. రేయంతా టార్చిలైటు పట్టుకోని మంచె మీద కూసునేది మనం గదా."

ఆయన మాట నిజం. కెన్యాలో కూడా పార్కు గేటులో కట్టిన డబ్బు ఊళ్లకు చేరినచోటే జనం జంతువును ఓర్చుకుంటున్నారు. మారా చుట్టూ మసాయిలు తమ భూముల్ని క్యాంపులకు లీజుకిచ్చి నెలనెలా డబ్బు తీసుకుంటున్నారు. ఆ భూముల్లో సింహం తిరిగితే వాళ్లకూ లాభమే. మన కౌండిన్యలో ఏనుగు వల్ల రైతుకు వచ్చేది నష్టపరిహారం ఒక్కటే, అదీ దరఖాస్తు పెట్టి తిరిగితేనే. శేషాచలంలో మనుషులూ మృగాలూ ఒకే దారిలో నడుస్తున్నారు. 2023లో అలిపిరి మెట్ల దారిలో చిరుత ఆరేళ్ల పాపను పొట్టన పెట్టుకున్నాక నడిచే భక్తులకు చేతికర్రలు ఇచ్చారు. అడవి పక్కన బతికేవాళ్ల గురించి మనం ఆలోచించేది ప్రాణం పోయాకేనా అని అడగాలనిపిస్తుంది.

తేనెపెట్టెల సంగతి చెబితే చిన్నాయన మొదట అడిగింది, "టమాటాకు వారం వారం మందు కొడతాం గదా, ఈగలు బతుకుతాయా?" అని. సరైన ప్రశ్న. పైగా మనం పెట్టెల్లో పెంచే ఈగ ఆఫ్రికా ఈగంత కోపిష్టిది కాదు. అయినా 2021లో ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ వాళ్లు కొడగులో ఏనుగుల దారిలో ఇట్లాంటి పెట్టెలే పెట్టించారు. మా తోటకు అడవి పక్క అంచున ఆవుల గడ్డి పెంచే నేల చెక్క ఒకటుంది, అక్కడ మందు కొట్టేది లేదు. పెడితే అక్కడే పెట్టాలని చిన్నాయనే తేల్చాడు. దానికి ముందు, వచ్చే సెలవులో ఇద్దరం కొడగు పోయి ఆ రైతులతో మాట్లాడి వస్తాం.