ఫిజిక్స్ సారు కారుకు కరెంటు కరువు

మా కారు బ్యాటరీ గొడవ నిన్నటితో తీరింది. ఇల్లూ బడీ నల్లగొండలోనే కావడంతో ఆదివారం మిర్యాలగూడలోని అత్తగారింటికి వెళ్లడానికి తప్ప నేను కారు తీయను. రెండు నెలల క్రితం సెల్ఫ్ కొడితే ఇంజను కదలలేదు. నాలుగేళ్ల బ్యాటరీ కనుక ఆయుష్షు తీరిందనుకొని 35 ఆంపియర్ అవర్ల (అంటే ఒక ఆంపియరు కరెంటును 35 గంటలపాటు ఇవ్వగల) కొత్తది వేయించాను. అదీ మూడు వారాల్లో మూడుసార్లు దిగిపోయింది.

వారంటీ కార్డు పట్టుకొని దుకాణానికి వెళ్లిన రోజును మాత్రం మరచిపోలేను. రాత్రంతా ఛార్జింగుకు పెట్టి, మర్నాడు బ్యాటరీ సత్తాను పరీక్షించే లోడ్ టెస్టర్ ఆనించి, ముల్లు ఆకుపచ్చ గీతలోనే నిలవడాన్ని చూపిస్తూ, "బ్యాటరీ మంచిగనే ఉంది సారూ, లైట్లు బంద్ చేసుడు మీరే మర్చిపోతున్నట్టున్నరు" అన్నాడు అక్కడి పిల్లవాడు. యజమాని అంతటితో ఊరుకోక, "పిల్లలకు కరెంటు పాఠం చెప్పే సారుకు గీ మాత్రం ఎరుక లేదా" అనేసరికి, మా బడి విద్యార్థి తండ్రి ఒకరితో సహా అక్కడున్న నలుగురూ నవ్వారు. బ్యాటరీ బాగుందన్న మాట నిజమే. అయితే ఛార్జి ఎటు పోతున్నదో చూడమంటే, అది తమ పని కాదన్నారు.

ఆ పౌరుషంతోనే మల్టీమీటరు తీశాను. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14.2 వోల్టులు వచ్చాయి కనుక బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటరును అనుమానించనక్కరలేదు. ఇంజను ఆపి, నెగటివ్ కేబులు విప్పి, దానికీ బ్యాటరీకీ నడుమ మీటరును 10 ఆంపియర్ల గడిలో శ్రేణిలో కలిపాను. ఆ స్థితిలో సెల్ఫ్ కొడితే మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది, జాగ్రత్త. బండిలోని కంప్యూటర్లు నిద్రపోవడానికి అరగంట ఆగాక చూస్తే, 0.05 ఆంపియర్లకు మించకూడని చోట 0.42 కనిపించింది, అంటే రోజుకు పది ఆంపియర్ అవర్లు, మూడు రోజుల్లో బ్యాటరీ దాదాపు ఖాళీ.

ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోగా, ఆడియో ఫ్యూజు దగ్గర 0.03కు పడిపోయింది. కొత్త స్టీరియో బిగించినవాడు, తాళంచెవి తిప్పినప్పుడే కరెంటు అందవలసిన ఎర్ర తీగను, ఎప్పుడూ కరెంటుండే పసుపు తీగతో కలిపి టేపు చుట్టేశాడు. తెర ఆరినా యంత్రం మేల్కొనే ఉన్నది. తన తప్పు సరిచేయడానికి కూడా మూడు వందలు అడిగాడా మహానుభావుడు. ఇవ్వకుండా నేనే విడదీసి కలుపుకొన్నాను.

ఆరు రోజులు కదపకుండా ఉంచి నిన్న కొలిస్తే 12.5 వోల్టులున్నాయి, అంటే ఛార్జి నిలిచింది, మొదటి సెల్ఫుకే ఇంజను అందుకుంది. ఆ మీటరు రీడింగులన్నీ ఫొటోలు తీసి ఉంచాను. రేపు బ్యాటరీ దుకాణం ముందు నుంచే బడికి వెళ్తాను.