బేస్‌లైన్ మే నెలలో, ఎండ్‌లైన్ డిసెంబర్‌లోనా?

పాడేరు కొండల్లో ఊట నీటిని పైపులతో ఊళ్లలోకి దింపే ప్రాజెక్టు అది. డబ్బు విదేశీ దాతలది, పని ఇక్కడి స్వచ్ఛంద సంస్థది, ఫలితాలు కొలిచే బాధ్యత నాది. ఎన్ని ట్యాంకులు కట్టామో, ఎన్ని కుళాయిలు బిగించామో రిజిస్టర్ చూసి చెప్పేయొచ్చు. ఆడవాళ్లకు నీళ్ల మోత తగ్గిందా లేదా అన్నది మాత్రం ఇంటింటికీ వెళ్తేనే తేలుతుంది.

డబ్ల్యూహెచ్‌ఓ, యునిసెఫ్ వాడే కొలతనే మేమూ తీసుకున్నాం. రక్షిత వనరు దగ్గరికి పోయి, వరుసలో నిలబడి, నీళ్లు పట్టుకుని ఇంటికి తిరిగి రావడానికి 30 నిమిషాలు మించకూడదు. చదవడానికి సులువే. కానీ "ఎంతసేపు పడుతుంది?" అని అడిగితే "దగ్గరేనమ్మా" అంటారు. ఏళ్ల తరబడి నడిచిన దారి దూరమనిపించదు కదా! అందుకే సర్వేకు ఇక్కడి ఆదివాసుల భాష కువి తెలిసిన స్థానిక అమ్మాయిలను తీసుకున్నాం. కొన్ని ఇళ్లలో వాళ్లు బిందె పట్టుకున్న మనిషి వెంటే నడిచి, ఫోన్‌లో సమయం చూసి రాశారు. ఆ అంకెల మీద నాకు పూర్తి నమ్మకం.

చిక్కు చివర్లో వచ్చింది. గ్రాంటు మార్చితో ముగుస్తుంది, డిసెంబర్‌లో ఎండ్‌లైన్, అంటే పని అయ్యాక చేసే చివరి సర్వే, చేసెయ్యండి అని దాతల నుంచి మెయిల్. పని మొదలుకాక ముందు చేసిన మా బేస్‌లైన్ సర్వే జరిగింది మే నెలలో. వానలు వెనకబట్టిన కొత్తలో ఈ కొండల్లో ఊటలన్నీ నిండుగా ఉంటాయి. మేం ఒక్క పైపు వెయ్యకపోయినా డిసెంబర్‌లో నడక తగ్గినట్టే కనిపిస్తుంది. వాన చేసిన మేలును ప్రాజెక్టు ఖాతాలో రాయడానికి నా మనసు ఒప్పలేదు.

వాదించడానికి ఆధారం ఊరి నీటి కమిటీల దగ్గరే దొరికింది. ఊట కింద బకెట్ పెట్టి, నిండడానికి ఎన్ని సెకన్లు పడుతుందో వాళ్లు నెలనెలా నోటు పుస్తకంలో రాస్తున్నారు. ఆ పేజీలు ఫొటోలు తీసి, శీతాకాలానికీ ఎండాకాలానికీ తేడా చూపిస్తూ ఒక గ్రాఫ్ గీసి పంపాను. అదనపు డబ్బు అక్కర్లేదు, గడువు పెంచితే చాలన్నాను. ఉత్తర ప్రత్యుత్తరాలు చాలానే నడిచాయి. చివరికి నో-కాస్ట్ ఎక్స్‌టెన్షన్ ఇచ్చారు.

మే నెలలోనే కొలిచాం. కింది ఊళ్లలో నడక నిజంగానే తగ్గింది. పై గూడేల్లో మాత్రం మధ్యాహ్నానికి కుళాయి ఎండిపోతోంది, ఆడవాళ్లు మళ్లీ పాత చెలమ దారి పడుతున్నారు. అన్నీ కలిపి సగటు వేస్తే ఈ గూడేలు లెక్కలోంచి మాయమవుతాయి. అందుకని రిపోర్టులో గూడెం వారీగా పట్టిక వేశాను. సగటు అంకె కూడా కావాలన్నారు, ఇచ్చాను, కానీ ఆ పట్టిక తర్వాతే. దాన్ని చూశాకే రెండో దశ బడ్జెట్‌లో కొత్త కుళాయిలు తగ్గించి, పై గూడేల ఊటల ఎగువన వాన నీరు ఇంకే కందకాలకు డబ్బు కేటాయించారు.