అగ్గిపుల్ల గీయకుండా మేడ మీద మంట

గుడ్డా ఫ్యానూ లైట్లతో చేసే ఉత్తుత్తి మంట నిజంలా కనపడాలంటే గుడ్డని నాలుకల్లా ఎంత అందంగా కత్తిరించాం అన్నది కాదండీ, అది ఎంత నిదానంగా ఊగుతోంది, దాని వెలుగు పక్క గోడ మీదా ఎదురుగా కూచున్న మనిషి మొహం మీదా ఎలా పడుతోంది, అదే అసలు. యూట్యూబ్‌లో వీడియోలు బోలెడు ఉన్నాయి గానీ చాలావాటిలో ఈ ముక్క చెప్పరు, అందుకే రాస్తున్నాను.

సంగతేటంటే విజయనగరంలో మా అప్పోళ్ళ అపార్ట్‌మెంట్ గుంటలంతా కలిసి అక్టోబర్ 31న మేడ మీద హాలోవీన్ పార్టీ చేసుకుంటాం అన్నారు. మా మేనకోడలు ఫోన్ చేసి "మామా, మధ్యలో పెద్ద మంట ఉండాలి, దెయ్యాలన్నీ దాని చుట్టూ కూచోవాలి, నిజం మంటే పెట్టేద్దాం" అంది. పిల్ల అడిగినదాంట్లో తప్పేం లేదు, ఈ పండగకి మూలం ఐర్లండ్ వైపు పాతకాలం నాటి సావిన్ అనే పండగ, పంటలు ఇంటికొచ్చి చలికాలం మొదలయ్యే వేళ అక్కడ పెద్ద పెద్ద మంటలు వేసేవారు, మనం సంక్రాంతికి ముందు భోగి వేసుకుంటాం చూడండి అలాగే. కానీ ఇప్పుడు ఆన్‌లైన్‌లో వచ్చే దెయ్యం డ్రెస్సులన్నీ నైలానూ పాలిస్టరే. నైలాన్ 220 డిగ్రీల దగ్గర, పాలిస్టర్ 260 దగ్గర కరుగుతాయి, కరిగి ఒంటికి అతుక్కుపోతాయి, పీకినా రావు. చీకట్లో పరుగులెత్తే పిల్లలు, నేల మీద ఈడ్చుకుపోయే కోట్లు. అంచేత నిజం మంట వద్దు, గుమ్మడికాయలో కొవ్వొత్తి కూడా వద్దు, బ్యాటరీ లైటే పెట్టండి అని అప్పకి గట్టిగా చెప్పేశాను.

మన వీధినాటకాల్లో పాత్ర ప్రవేశం అప్పుడు కాగడా మీద గుగ్గిలం పొడి చల్లేవారు, భగ్గున లేచేది, ఆ ఒక్క క్షణం వేషగాడి మొహం మొత్తం వెలిగిపోయి మళ్ళీ చీకట్లోకి పోయేది. చూసేవాళ్ళ కళ్ళు ఉండేది మంట మీద కాదు, ఆ మొహం మీద. నేను చేసిన మంట మొత్తం ఈ లెక్క మీదే నడిచింది.

ముందు గుడ్డ. ఎర్ర గుడ్డ, నారింజ గుడ్డ కొనకండి, రంగు గుడ్డ వెలుగుని మింగేసి మొద్దుగా కనపడతాది. తెల్లది కావాలి, వీలైనంత పల్చటి సిల్కు అయితే మరీ మంచిది, లేకపోతే షిఫాన్. రంగు మనం కిందనుంచి వెలుగుతో వేస్తాం. సాటిన్ లాంటి బరువు గుడ్డ పెడితే దండెం మీద ఆరేసిన తువ్వాలులా టపటపా కొట్టుకుంటాది తప్ప మంటలా లేవదు. మూర కంటే కాస్త తక్కువ పొడవులో, కొసలు సన్నగా, ఏ రెండూ ఒకేలా లేకుండా కత్తిరించి, కంప్యూటర్‌లో ఉండే 12 వోల్టుల ఫ్యాన్‌ని పైకి గాలి కొట్టేలా పడుకోబెట్టి దాని చుట్టూ కింది అంచు మాత్రం కట్టాలి.

ఇప్పుడు అసలు విషయం, వేగం. మంట ఎంత వెడల్పైతే అంత నిదానంగా ఎగసిపడతాది. అడుగు వెడల్పు మంట సెకనుకి రెండు మూడు సార్లు లేస్తాది, మీటరు వెడల్పైతే ఒకటిన్నర సారి, అంతే. కొవ్వొత్తి రెపరెపలాడితే సెకనుకి పది సార్ల వరకూ పోతాది. అందుకే ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో పెట్టి గుడ్డని గిలగిలలాడిస్తే మన కన్ను దాన్ని చిన్న మంట అనే అనుకుంటాది, పెద్ద చలిమంట అని నమ్మదు. ఫ్యాన్ స్పీడ్ తగ్గించే చిన్న రెగ్యులేటర్ ఒకటి పెట్టుకోండి, గుడ్డ పడిపోతుందేమో అన్నంతవరకూ తగ్గించి అక్కడినుంచి ఇసుమంత పెంచండి.

లైట్లు కూడా అంతే జాగ్రత్తగా. వార్మ్ వైట్ అని అమ్మే ఎల్‌ఈడీ 2700, 3000 కెల్విన్ ఉంటాది (కెల్విన్ అంటే వెలుగు రంగుకి కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎర్రబడతాది), కొవ్వొత్తి వెలుగు 1900 దగ్గర ఉంటాది, అంటే ఆ వార్మ్ వైట్ కూడా మంట పక్కన తెల్లగానే కనపడతాది. పసుపు, నారింజ గ్లాస్ పేపర్లు, అదే వెలుగు దూరే రంగు కాగితాలు, కలిపి దాని మీద చుట్టాలి. మంట అడుగున పసుపు ఎక్కువ, కొసలకి ఎరుపు. అన్ని లైట్లూ కలిసి ఒకేసారి ఆరి వెలిగితే పెళ్ళిపందిరి అయిపోతాది, అందుకని మిణుకుమిణుకుమనే బ్యాటరీ దీపాలు కొన్ని విడివిడిగా చుట్టూ పెట్టాను, దేని తీరు దానిదే, గోడ మీద నీడలు కదలడం మొదలెట్టాయి. ఆ నీడలే సగం పని చేసేశాయి.

నిప్పులకి పీయూ ఫోమ్ వాడాను, తలుపులూ కిటికీలూ బిగించేవాళ్ళు సందుల్లో కొడతారు కదా, హార్డ్‌వేర్ షాపుల్లో డబ్బాల్లో దొరుకుతాది. ప్లైవుడ్ ముక్క మీద నారింజ ఫెయిరీ లైట్లు పరిచి వాటి మీద ఫోమ్ కొడితే బుసబుసా పొంగి గట్టిపడతాది, తర్వాత నల్లరంగు పక్కవాటుగా స్ప్రే చేస్తే పైన బొగ్గు, సందుల్లో ఎర్రగా నిప్పు. చూస్తే చెయ్యి కాల్తుందేమో అనిపిస్తాది! ఒక్కటి మాత్రం మర్చిపోకండి. దీపావళికి కొన్న సీరియల్ సెట్లు మిగిలాయి కదా అని వాటిని ఫోమ్‌లో పాతకండి, చవకరకాలు చాలావరకు ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా నేరుగా 230 వోల్టుల మీద నడుస్తాయి, ఫోమ్ గట్టిపడ్డా అంటుకునే సరుకే. యూఎస్‌బీ మీద 5 వోల్టులతో నడిచేవే వాడండి. ఫోమ్ కొట్టేటప్పుడు గ్లౌజులు వేసుకుని బయట గాలిలో చెయ్యండి, దగ్గర్లో పొయ్యి గానీ బీడీ గానీ ఉండకూడదు.

కర్రలు మాత్రం నిజంవే. సరుగుడు దుంగలు, ఊళ్ళో భోజనాల పొయ్యి దగ్గర సగం కాలి పూర్తిగా చల్లారినవి తెచ్చాం. రంగేసిన కర్ర ఎంత బాగున్నా ఆ మసి వాసన రాదు, ఆ వాసన తగిలితే మెదడు మిగతాదంతా నమ్మేస్తాది. దుంగల వెనక బ్లూటూత్ స్పీకర్ దాచి చిటపట శబ్దం సన్నగా పెట్టాం, దాంతో ఫ్యాన్ రొద కూడా వినపడలేదు.

పార్టీ రోజు మేడ మీద ట్యూబ్‌లైట్లన్నీ ఆర్పించాను, మూలన ఒక్క చిన్న లైటు మాత్రం మెట్లు కనపడ్డానికి ఉంచాం. మేడ మీద గాలి కదా, మూడు వైపులా ఇటుకలు పేర్చాం, లేకపోతే గుడ్డ పక్కకి వాలిపోతాది. కింద ఫ్లాట్ పెద్దమ్మ పైకొచ్చి "ఏట్రా బాబూ, పిల్లల మధ్యలో అగ్గెట్టారేటి" అని కేకేసింది. నాకు ఎంత సంతోషం వేసిందో!

ఆ పెద్దమ్మ మనవడి స్కూల్లో లంకాదహనం వేస్తారట, తోకకి మంట చేసిపెట్టమన్నారు. కదిలే పిల్లాడికి పెద్ద ఫ్యాన్ కుదరదు, 5 వోల్టుల చిన్న ఫ్యాన్ ఒకటి తోక చివర తేలికపాటి ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి పవర్‌బ్యాంక్ నడుముకి కడదాం అనుకుంటున్నాను, గుడ్డ జానెడే సరిపోతాది, చిన్న మంట కాబట్టి ఈసారి స్పీడ్ పెంచాలి.