అడిగినవాళ్లకు లేదనడం

"మీ నాయన నిన్ను బీకాం చదివించింది పరాయి దేశంలో తాగేవాళ్లకు పోసిపెట్టడానికా?" అంది మా మేనత్త. వీడియో కాల్‌లో నా పక్కనున్న ల్యాప్‌టాప్ మీద బీరు గ్లాసు, వైను గ్లాసు బొమ్మలు ఆమె కంటబడ్డాయి. ఏం చదువుతున్నావే అని అడిగితే ఉన్నమాట చెప్పాను, రెస్టారెంట్‌లో మందు సర్వ్ చేసేవాళ్లు రాయాల్సిన ప్రభుత్వ పరీక్ష అని. ఆ ఒక్క మాట అనేసి ఫోన్ పెట్టేసింది.

ఇంకెవరన్నా అయితే దులిపేసుకునేదాన్ని. మా అత్త 1992లో నెల్లూరు జిల్లాలో సారా వేలం పాటలు జరగనివ్వకుండా అడ్డం కూర్చున్న ఆడవాళ్లలో ఒకతె. ఆ ఉద్యమంలో దూబగుంట రోశమ్మ పేరు పేపర్లకెక్కింది, మా అత్తలాంటి వాళ్ల పేర్లు ఎక్కలేదు. సారా పాకెట్లు చింపి నేలపాలు చేసిన చేతులు ఆమెవి. అలాంటి మనిషి అడిగినప్పుడు జవాబు చెప్పకుండా ఊరుకోవడం నావల్ల కావడం లేదు. ఫోన్లో చెప్పలేనివి ఇక్కడ రాస్తున్నాను.

నేనుండేది కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో. మావారి ఉద్యోగ వీసాను బట్టి భార్యగా నాకిచ్చిన హెచ్4 వీసా మీద వచ్చి ఏళ్లతరబడి ఇంట్లో కూర్చున్నాక, పనిచేసుకోవడానికి అనుమతిచ్చే ఈఏడీ కార్డు చేతికొచ్చింది. అంత గ్యాపు చూసి ఆఫీసు ఉద్యోగాలకు ఎవరూ పిలవలేదు. ఇంటికి దగ్గర్లో ఉన్న ఇండియన్ రెస్టారెంట్‌లో సర్వర్‌గా చేరాను. దోసెలు, బిర్యానీలతో పాటు బీరు, వైను కూడా ఇస్తారక్కడ. ఈ రాష్ట్రంలో అలాంటి చోట మందు అందించే ప్రతివాళ్లూ, వాళ్ల మీద మేనేజర్లూ ఆర్‌బీఎస్ అనే సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. 2017లో చేసిన చట్టం, 2022 సెప్టెంబరు 1 నుంచి గట్టిగా అమలు చేస్తున్నారు. ఉద్యోగంలో చేరిన 60 రోజుల్లో అయిపోవాలి. ఏబీసీ అని ఇక్కడి మద్యం శాఖ. వాళ్ల పోర్టల్‌లో 3 డాలర్లు కట్టి పేరు నమోదు చేసుకుని, వాళ్లు ఒప్పుకున్న సంస్థ దగ్గర ఆన్‌లైన్ ట్రైనింగ్ పూర్తి చేసి, ఆ తర్వాత 30 రోజుల్లో పరీక్ష రాయాలి. 70 శాతం వస్తే పాసు, మూడేళ్లు చెల్లుతుంది. చికాగోలో ఉన్న నా స్నేహితురాలు ఇలాంటిదే బాసెట్ అని చేసింది. రాష్ట్రానికో పేరు.

మొదట్లో లెక్కలతో కుస్తీ పట్టాను. ఇక్కడ "ఒక డ్రింక్" అంటే 12 ఔన్సుల మామూలు బీరు, లేదా 5 ఔన్సుల వైను, లేదా ఒకటిన్నర ఔన్సుల విస్కీ. మూడింట్లోనూ ఉండే అసలు ఆల్కహాల్ ఒకటే, 0.6 ఔన్సు. మా టేబుళ్ల మీదికి ఎక్కువగా వెళ్లేది 650 మిల్లీలీటర్ల ఇండియన్ బీరు సీసా. తాగేవాళ్ల లెక్కలో అది "ఒక బీరు". పరీక్ష లెక్కలో దగ్గర దగ్గర రెండు. మన ఊళ్లో లార్జ్ పెగ్గు 60 మిల్లీలీటర్లు, అది కూడా ఇక్కడి ఒకటిన్నర డ్రింకుకు కాస్త తక్కువ. ఒంట్లోంచి ఒక డ్రింక్ దిగడానికి సుమారు గంట పడుతుంది. కాఫీ తాగినా, చన్నీళ్లు పోసుకున్నా, మజ్జిగలో నిమ్మకాయ పిండుకున్నా ఆ గంట తగ్గదు. చిన్నప్పటినుంచీ మనం చూసిన నిమ్మకాయ వైద్యాలన్నీ ఉత్తవేనని కాలిఫోర్నియా వచ్చి తెలుసుకున్నాను.

ఐడీ చూడటం ఇంకో తంటా. మనకు తేదీ ముందు, నెల తర్వాత. ఇక్కడి లైసెన్సు మీద నెల ముందు. 03/07 అని ఉంటే నా కళ్లు జులై 3 అని చదువుతాయి, అది మార్చి 7. ఇరవై ఒకటి నిండిందో లేదో తేలేది ఆ నాలుగు నెలల్లోనే కావచ్చు. ఇరవై ఏళ్లు నిండని కుర్రాళ్లను ఏబీసీ వాళ్లూ పోలీసులూ మామూలు కస్టమర్లలా పంపి పరీక్షిస్తారు కూడా. వయసు అడిగితే ఆ కుర్రాళ్లు నిజమే చెప్పాలి. అడగకుండా ఇచ్చామా, కేసు మన మీద. ఎమ్మెస్ చదవడానికి వచ్చిన మన పిల్లలు ఇండియా డ్రైవింగ్ లైసెన్సు తీస్తారు, ఆధార్ కార్డు తీస్తారు, ఫోన్లో పాస్‌పోర్టు ఫొటో చూపిస్తారు. ఏదీ పనికిరాదు. అసలు పాస్‌పోర్టు కావాలి. "అక్కా, మేం తెలుగువాళ్లమే కదా, నా వయసు నీకు తెలీదా" అని మొహం చిన్నబుచ్చుకుంటారు. వాళ్ల మొహాలు చూస్తే మా చిన్న తమ్ముడే కళ్లముందు మెదులుతాడు. అయినా లేదనే చెప్పాలి.

నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం ఈ లెక్కలూ కార్డులూ కాదు. కంటికి కనిపించేంతగా మత్తెక్కిన మనిషికి మళ్లీ పోస్తే, ఈ రాష్ట్ర చట్టంలో అది నేరం. పోసిన మనిషి నేరం. ఆరు నెలల దాకా జైలు, వెయ్యి డాలర్ల దాకా జరిమానా పడొచ్చు. వీసా మీద బతికేవాళ్లకు క్రిమినల్ కేసు అన్న మాట చాలు, అన్నం సయించదు. అందుకని ట్రైనింగ్ అంతా మనిషిని చూడటం నేర్పుతుంది. గొంతు పెరిగిందా, చిల్లర లెక్కపెట్టడానికి తడుముకుంటున్నాడా, చెప్పిందే మళ్లీ చెబుతున్నాడా, లేచినప్పుడు కుర్చీ వీపు పట్టుకున్నాడా. చూశాక ఏం చేయాలో కూడా వరసగా చెబుతారు. అడగకుండానే మంచినీళ్లు పెట్టు, తినడానికేదన్నా తీసుకురా, మళ్లీ ఆర్డర్ తీసుకోవడానికి ఆ టేబుల్ దగ్గరికి ఆలస్యంగా వెళ్లు, మేనేజర్‌కు చెప్పు. ఆపాల్సి వస్తే పదిమందిలో అనకు, తగ్గు గొంతుతో చెప్పు, తాగావని నిందించకు.

ఇవన్నీ కాగితం మీద బాగానే ఉంటాయి. మనం పుట్టి పెరిగిన తీరు వేరు. విస్తరి ముందు కూర్చున్నవాడు చాలు చాలని చెయ్యి అడ్డంపెట్టినా ఇంకో గరిటె వేస్తే గానీ మనకు తృప్తి ఉండదు. అలాంటిది, నోరు తెరిచి అడిగిన మనిషికి, డబ్బిచ్చే మనిషికి, వయసులో పెద్దవాడికి లేదని ఎట్లా చెప్పడం? మా అమ్మ చూస్తే ఇంటికొచ్చినవాళ్లను అవమానించానంటుంది. నాతో పనిచేసే మెక్సికో అమ్మాయికి ఈ బాధ లేదు. నవ్వుతూనే సీసా వెనక్కి తీసుకుపోతుంది. నాకు గొంతులో మాట అడ్డం పడుతుంది.

ట్రైనింగ్ అయిపోయి, పరీక్ష ఇంకా రాయని రోజుల్లో, ఒక శుక్రవారం రాత్రి మనవాళ్లు నలుగురు వచ్చారు. ఒకాయన మిగతావాళ్లకంటే పెద్ద. మాటల్ని బట్టి ఆఫీసులో వాళ్లందరికీ పైవాడిలా ఉన్నాడు. ఆయన సీసాలు నా బుర్రలో రెండేసి చొప్పున పడుతూనే ఉన్నాయి. బిర్యానీ ముట్టలేదు. కారు తాళం పచ్చడి గిన్నె పక్కనే ఉంది. ఇంకో సీసా అడిగితే మంచినీళ్లు పెట్టాను. మళ్లీ అడిగితే పెరుగన్నం తెచ్చాను, మా తరఫున అని. మూడోసారి ఆయన నా చెయ్యి పట్టుకోబోయి ఆగి, "ఏమ్మా, తెలుగువాళ్లమనేగా ఇక్కడికి వస్తున్నాం, మాకే లేదంటావా? నువ్వెవరు నాకు చెప్పడానికి?" అన్నాడు. పక్క టేబుళ్లవాళ్లు తిరిగి చూశారు. "ఈ రాత్రికి ఇంక ఇవ్వలేనన్నా, ఇంకేం కావాలన్నా తెస్తాను" అన్నాను. గొంతు వణికింది. మేనేజర్ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. కుర్రాళ్లలో తాగనివాడు మెల్లిగా తాళం తీసి జేబులో వేసుకున్నాడు. ఆయన టిప్పు వరసలో పెద్ద సున్నా చుట్టి పోయాడు. మళ్లీ మా రెస్టారెంట్‌కు రాలేదు.

ఆయన అడిగింది మాత్రం వదల్లేదు నన్ను. నువ్వెవరు నాకు చెప్పడానికి? ఈ ప్రశ్నకు ఇక్కడ చట్టంలో జవాబుంది: పోసేదాన్ని నేను గనక. మన దగ్గర బ్రాందీ షాపు గుర్తు చేసుకోండి. ఇనప కటకటాలు, వాటి మధ్య చెయ్యి పట్టేంత సందు. నోటు లోపలికి పోతుంది, క్వార్టరు బయటికొస్తుంది. లోపలివాడు బయటివాడి మొహం చూడనక్కర్లేదు. వాడికి పదహారా ఇరవయ్యొకటా, వాడు నిలబడగలడా, బండి మీద వచ్చాడా, ఇంట్లో పిల్ల జ్వరంతో ఉందా, ఏదీ వాడి పూచీ కాదు. ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ వయసు పరిమితి ఇరవై ఒకటే. కాగితం మీద రెండు చోట్లా ఒకటే అంకె. ఆ కటకటాల దగ్గర ఐడీ అడగడం నేనెప్పుడూ చూడలేదు. తాగి చెడిపోతే తాగినవాడి తప్పు, లేకపోతే వాణ్ణి అదుపులో పెట్టుకోలేని పెళ్లాం తప్పు. అమ్మినవాడి పేరు ఎవరి నోటా రాదు.

అమ్మేవాణ్ణి నిలదీయాలన్నది అమెరికా వాళ్లు కనిపెట్టిన తెలివి అని నన్నెవరూ ఒప్పించలేరు. మా అత్తా వాళ్లూ ముప్పై ఏళ్ల కిందటే అమ్మేవాడి దగ్గరికే పోయారు. తాగే మొగుళ్లకు బుద్ధులు చెబుతూ కూర్చోలేదు. పాట పాడే కాంట్రాక్టర్‌నీ, పాట పెట్టే సర్కారునీ నిలదీశారు. చట్టం వాళ్ల వెనక లేదు, పోలీసులు అవతలి పక్కనున్నారు. అయినా 1993లో సారా పోయింది, 1995 జనవరిలో మొత్తం మద్యనిషేధమే వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు, ఆ తర్వాత పల్లె పల్లెకూ బెల్టు షాపులొచ్చాయి. అదంతా మీకు తెలిసిందే. చట్టంగా రాసుకున్నదాన్ని నిలబెట్టుకోవడంలో ఈ అమెరికా వాళ్లు గట్టివాళ్లు. బుద్ధి మాత్రం మనకు ముందే ఉంది, అది కూడా చదువురాని ఆడవాళ్లకు.

అయితే మా అత్త దీనికి ఒప్పుకోదని నాకు తెలుసు. ఆమె అసలు అమ్మొద్దంది. వీళ్లు అమ్ముతూ, ఒక చోట ఆపమంటున్నారు. రెండూ ఒకటి కాదు. ఆ ఆపే భారం కూడా తెచ్చి గంటల జీతానికి పనిచేసే మా నెత్తిన పెట్టారు. శుక్రవారం రాత్రి బిల్లు తగ్గితే మొహం మాడ్చుకునే ఓనర్ల దగ్గర ఎంతమంది నిజంగా ఆపగలరో నాకు అనుమానమే. మా మేనేజర్ పక్కన నిలబడ్డాడు గనక నేను ఆపగలిగాను. ఆయన లేకపోతే ఏమయ్యేదో.

పరీక్ష పాసయ్యాను. దానివల్ల ఇంట్లో ఒకటి మారింది. ఇక్కడ మనవాళ్ల పార్టీలు మీకు తెలుసు. ఏడింటికి సీసాలు తెరుస్తారు, పదకొండింటికి గానీ అన్నం మూత తీయరు, గ్లాసు ఖాళీ అయినవాడికి "ఇంకొక్కటే బ్రదర్" అని పోస్తూనే ఉంటారు, ఒంటిగంటకు అందరూ కార్లెక్కుతారు. మా ఇంట్లో అది కుదరదని మావారికి చెప్పేశాను. ఎనిమిదింటికల్లా భోజనాలు పెడుతున్నాను. రెండో గ్లాసు తర్వాత పోసే పని నాది, అంటే దాదాపు పోయనన్నమాటే. నడపగలిగేవాళ్లు ఎవరో భోజనాలప్పుడే అడుగుతాను, మిగతావాళ్లకు హాల్లో పరుపులు వేస్తాను. మావారి స్నేహితులిద్దరు రావడం మానేశారు. వాళ్ల భార్యలు మాత్రం పిల్లల్ని తీసుకుని వస్తూనే ఉన్నారు.