జెండా ఎటు ఎగరాలి?

ముప్పై ఏళ్ళ కిందటి మాట. మా చిన్నాయన అనంతపురంలో సుభాష్ రోడ్డు పక్క సందులో బోర్డులు, బ్యానర్లు రాసే అంగడి నడిపేవాడు. పదో తరగతి అయ్యాక నేను ఆయన దగ్గరే కుంచె పట్టాను. ఒకరోజు ఒక లారీ ఓనరు వచ్చి, బండి వెనక తలుపు మీద తెరచాప ఓడ బొమ్మ కావాలన్నాడు. అప్పటికి నేను సముద్రం చూసి ఎరగను. ఒక పాత క్యాలెండర్ బొమ్మ ముందు పెట్టుకుని రెండు రోజులు కూర్చున్నాను. చాపలు ముందుకు పొంగి, ఓడ నీళ్ళు చీల్చుకుంటూ పోతోంది. కొయ్య కొసన జెండా వెనక్కి రెపరెపలాడుతోంది. చిన్నాయన కూడా బాగుందన్నాడు.

రంగు ఆరుతుంటే టీ అంగడి దగ్గర నుంచి ఒక పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. నేవీలో చేసి రిటైరై ఊరికొచ్చినవాడట. చాలాసేపు చూసి, "బొమ్మ బాగుంది నాయనా. గాలి ఓడను ముందుకు తోస్తాంటే జెండా ఎనక్కి ఎట్ల ఎగురుతాది?" అన్నాడు.

నేను జవాబు చెప్పలేకపోయాను. మోటారు బండికి కట్టిన జెండా వెనక్కి ఎగురుతుంది, అదే లెక్కలో వేసేశాను. తెరచాప ఓడను నడిపేది గాలే. వెనక నుంచి కొట్టే గాలికే చాప ముందుకు పొంగుతుంది. ఆ గాలి కన్నా ఓడ నెమ్మదిగా పోతుంది కాబట్టి జెండా కూడా ముందుకే ఎగరాలి. ఆ రాత్రి లాంతరు పెట్టుకుని జెండా చెరిపి మళ్ళీ వేశాను. అప్పటి నుంచి ఓడల బొమ్మ ఎక్కడ కనబడినా ముందు గాలి ఎటు నుంచి వస్తోందో వెతుకుతాను. పాతకాలపు ఓడల యుద్ధాల చిత్రాలంటే మరీ ఇష్టం. మా పాప ఫోనులో మ్యూజియంల సైట్లు తెరిచి, బొమ్మను వేళ్ళతో పెద్దది చేసి చూడడం నేర్పించాక ఎన్ని రాత్రులు అలా గడిపానో లెక్కలేదు.

గాలి సంగతి మా ఊరివాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆషాఢంలో రోడ్డుకు అడ్డంగా కట్టిన గుడ్డ బ్యానరు ఎలా ఉబ్బుతుందో చూసినవాళ్ళకు తెరచాప ఏమిటో తెలిసినట్టే. అందుకే రాయడం అయ్యాక అక్షరాలకు తగలకుండా అక్కడక్కడ బ్లేడుతో చంద్రవంకల్లా కోసేవాళ్ళం, గాలి దూరి పోవడానికి. ఒకసారి తొందరలో కోయకుండా కట్టేశాను. పొద్దున్నే పోయి చూస్తే రెండు కొసలూ చిరిగి, బ్యానరు మొత్తం ఒకే స్తంభానికి చుట్టుకుని ఉంది. "గుడ్డతో కాదురా, గాలితో పని మనది" అన్నాడు చిన్నాయన.

ఆ మాట నాకు విక్టరీ ఓడ చాప గురించి చదివినప్పుడు గుర్తొచ్చింది. 1805 అక్టోబర్ 21న స్పెయిన్ తీరంలో ట్రఫాల్గర్ దగ్గర ఫ్రెంచి, స్పెయిన్ ఓడలతో జరిగిన యుద్ధంలో ఇంగ్లీషు అడ్మిరల్ నెల్సన్ ఎక్కిన ఓడ అది. దాని ముందు కొయ్య మీది చాప ఒకటి ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్‌లో ఇప్పటికీ దాచి ఉంచారు. 3,600 చదరపు అడుగులకు పైబడిన గుడ్డ. గుండ్లు దూసుకుపోయిన చిల్లులు సుమారు 90 ఉన్నాయి దానికి. చిల్లులు పడ్డ చాప కూడా గాలి పడుతుంది. ఓడను ఆపాలంటే కొయ్యలు కూల్చాలి, తాళ్ళు తెంచాలి. ఫ్రెంచివాళ్ళు ఎక్కువగా పైకి, కొయ్యల మీదికి కాల్చేవాళ్ళు. ఇంగ్లీషువాళ్ళు ఓడ పొట్టకే గురిపెట్టేవాళ్ళు.

ఆ యుద్ధాన్ని టర్నర్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు గీశాడు. రాజు నాలుగో జార్జి 1822లో అడిగితే 1824కు పూర్తిచేశాడు. ఎనిమిదిన్నర అడుగుల ఎత్తు, పన్నెండు అడుగుల వెడల్పు. టర్నర్ గీసినవాటిలో అంతకంటే పెద్దది లేదు. మధ్యలో విక్టరీ కొండలా నిలబడి ఉంటుంది. కూలుతున్న కొయ్యతో పాటు చాపలు మబ్బుల్లా కిందికి దిగుతుంటాయి. ముందు భాగంలో నీళ్ళ నిండా మనుషులు. విరిగిన కొయ్యల్ని పట్టుకుని, పడవ అంచులు పట్టుకుని వేలాడుతుంటారు. నేను ఎక్కువసేపు ఆగేది అక్కడే. గెలిచిన రాజుకు కావలసింది విజయం. ఈయన మునిగిపోయేవాళ్ళను తెచ్చి ఆయన కళ్ళ ముందే పెట్టాడు.

దాన్ని చూసి నౌకాదళం వాళ్ళు మండిపడ్డారు. కొయ్యలూ తాళ్ళూ సరిగా లేవని ఒక్కొక్కరూ ఒక్కో మాట చెబుతుంటే పదకొండు రోజులు నిలబడి దిద్దాడట. దిద్దినా కుదరనిది ఇంకొకటుంది. యుద్ధానికి ముందు, పన్నెండు కావస్తుండగా నెల్సన్ జెండాలతో ఒక సందేశం పంపించాడు. అందులో 'డ్యూటీ' అనే మాటకు వాళ్ళ జెండాల పుస్తకంలో గుర్తు లేకపోతే ఒక్కో అక్షరం విడివిడిగా ఎగరేశారు. ఆ జెండాలు ఈ బొమ్మలో ఉన్నాయి. మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో కూలిన కొయ్యా ఉంది. సాయంత్రం తగలబడిన ఫ్రెంచి ఓడ అషీల్ కూడా ఉంది. మర్నాడు మునిగిన ఇంకో ఫ్రెంచి ఓడ రెడూటబుల్ కూడా ఉంది! 1829లో రాజు ఆ బొమ్మను గ్రీనిచ్‌లో ముసలి నావికులు ఉండే ఆసుపత్రికి పంపించేశాడు. ఇప్పుడూ గ్రీనిచ్ మ్యూజియంలోనే ఉంది.

నావికుల కోపం నాకు అర్థమవుతుంది. ఆ రోజు వీచింది చిన్నగాలి. పొద్దున ఆరింటికి శత్రువు కనబడితే, మనిషి నడిచేంత వేగంతో పోయి పోయి, ఫిరంగి దూరానికి చేరేసరికి మధ్యాహ్నమైంది. అటు 33 ఓడలు, ఇటు 27. అన్ని గంటలు ఏ దాపూ లేకుండా ఎదురు చూసినవాళ్ళకు ఏ నిమిషం ఏది జరిగిందో కళ్ళలోనే ఉంటుంది. అయినా నేను టర్నర్ పక్షమే. చావు దగ్గర నుంచి బయటపడ్డ మనిషిని ఏం జరిగిందని అడిగి చూడండి, గంటల వరసలో చెప్పడు.

కళ్ళతో చూసి గీసినవాళ్ళూ ఉన్నారు. హాలండులో విల్లెం వాన్ డ వెల్డ అని తండ్రీ కొడుకులు, ఇద్దరిదీ అదే పేరు. తండ్రి చిన్న ఓడ ఒకటి వేసుకుని నౌకాదళంతో పాటు పోయి, ఫిరంగులు పేలుతుండగానే కాగితం మీద గీసుకునేవాడు. 1666లో నాలుగు రోజులు సాగిన యుద్ధంలోనూ అలాగే ఉన్నాడు. తర్వాత ఇంగ్లండుకు వచ్చేస్తే రెండో చార్లెస్ రాజు 1674 నుంచి ఇద్దరికీ చెరో నూరు పౌండ్ల జీతమిచ్చాడు, తండ్రి గీతలు గీయడానికి, కొడుకు వాటికి రంగులు వేయడానికి. మా అంగట్లోనూ అంతే కదా అనిపించింది. చిన్నాయన సుద్దముక్కతో గీస్తే నేను రంగు నింపేవాణ్ణి.

హాకర్ట్ అనే జర్మను చిత్రకారుడి కథ వేరు. రష్యన్లు 1770లో టర్కీ ఓడల్ని తగలబెట్టిన చెష్మె యుద్ధాన్ని రాణి కేథరిన్ ఆయన చేత గీయించింది. పేలే ఓడను ఆయన ఎప్పుడూ చూడలేదని, ఇటలీలోని లివోర్నో రేవు దగ్గర 1772లో ఒక ఓడను నిజంగానే పేల్చి చూపించాడు రష్యా నౌకాదళాన్ని నడిపిన కౌంట్ ఓర్లోవ్. ఒక బొమ్మ కోసం ఓడ! తెలియనిదాన్ని గీయాల్సిన బాధ నాకు తెలుసు కాబట్టి, నాకు హాకర్ట్ మీద కోపం రాలేదు.

నేను సముద్రం చూసింది నలభై ఏడో ఏట, పాప పరీక్షకని విశాఖపట్నం పోయినప్పుడు. పాప లోపల పరీక్ష రాస్తుంటే నేను ఆర్కే బీచిలో నిలబడ్డాను. దూరంగా రేవు బయట పెద్ద ఓడలు ఐదారు లంగరేసి ఉన్నాయి. అన్నింటి ముక్కులూ ఒకే వైపు ఉన్నాయి. గాలి నా ముఖానికి కొడుతోంది, అవీ అటే చూస్తున్నాయి.

ఆ నీళ్ళలోనే 1804 సెప్టెంబర్ 15న ఒక యుద్ధం జరిగింది. అప్పటికి నాలుగేళ్ళ కిందటే మా సీమ నిజాం చేతి నుంచి కుంఫిణీ చేతికి వచ్చింది, మన్రో దత్తమండలాల కలెక్టరు. విశాఖ ముందు 50 ఫిరంగుల ఇంగ్లీషు ఓడ సెంచూరియన్ లంగరేసి ఉంటే, లినువా అనే ఫ్రెంచి అడ్మిరల్ 74 ఫిరంగుల మారెంగోతో, ఇంకో రెండు ఓడలతో వచ్చి మీద పడ్డాడు. సెంచూరియన్ కెప్టెన్ లిండ్ అప్పుడు ఒడ్డు మీద ఉన్నాడు, పడవలో యుద్ధం మధ్యలోకి పోయి ఓడ ఎక్కాడు. కుంఫిణీ సరుకు ఓడల్లో బార్నబీ అలల్లో పడి ముక్కలైంది, ప్రిన్సెస్ షార్లెట్‌ను ఫ్రెంచివాళ్ళు పట్టుకుపోయారు. సెంచూరియన్ మాత్రం లొంగలేదు. విట్‌కూంబ్ అనే చిత్రకారుడు దాన్ని గీస్తే రంగుల అచ్చు వేశారు. మన తెలుగు రేవు ముందు జరిగిన ఈ యుద్ధం మనవాళ్ళలో ఎంతమందికి తెలుసు? నాకు యాభై దగ్గర పడ్డాక తెలిసింది.

పోయిన నెల నుంచి నేనూ ఆ సెంచూరియన్‌ను గీస్తున్నాను, నాలుగడుగుల ప్లైవుడ్ మీద. ఫిరంగులు ఇంకా పేలలేదు. తెల్లవారుతోంది, లంగరు నీళ్ళలో ఉంది, చాపలన్నీ చుట్టి కట్టి ఉన్నాయి. ముక్కు గాలికి ఎదురుగా తిరిగి ఉంది. నిన్న రాత్రి జెండా వేశాను, లారీ మీద మొదట వేసినట్టే, వెనక్కి ఎగిరేలా.